తీర్మానం కంటే ముందు మన బోరు సంగతి

పాపా,

నాలుగు రోజుల కింద మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు బెంగుళూరు ఉద్యోగం వదిలేసి ఊరికి వచ్చేస్తాండావని, వచ్చే పంచాయతీ ఎలక్షన్లో సర్పంచ్‌కి నిలబడతావని, గెల్చినా ఓడినా గ్రామసభలో ఇంగ మన ఊర్లో కొత్త బోరు వెయ్యకూడదని తీర్మానం పెట్టిస్తావని, ఆపకుండా అంతా చెప్పేసి ఏడ్చింది. నేనైతే ఏడవలేదు గానీ రాత్రంతా కన్ను మూతపడలేదు. మీ చిన్నమ్మ లేచి ఏమైందని అడిగితే, పాప బోర్లు ఆపిస్తుందంట అన్నా. ఆమె చానాసేపు ఏమీ అనలేదు. ఆనక "అట్లయితే పాపకి అంతా చెప్పెయ్, ఇప్పుడన్నా" అనింది. అందుకే రాస్తాండా. ఫోన్లో అయితే నాకు నోరు రాదు. మనవడు ఫోన్లో తెలుగు టైపింగ్ పెట్టిచ్చినాడు, మూడు రోజుల నుంచి పొద్దున పూట కూర్చుని కొంచెం కొంచెం కొడుతుండా, తప్పులుంటే సర్దుకో.

ముందు మామూలు సంగతులు. ఓటరు లిస్టులో నీ పేరు ఊర్లోనే ఉందా, బెంగుళూరుకి మార్చుకున్నావా చూసుకో. ఇంటి పన్ను బాకీ లేకుండా కట్టెయ్. ఎవరికి ఏ కాగితం ఇచ్చినా ఒక జిరాక్స్ దగ్గర పెట్టుకో. సెక్రటరీని ఊరోళ్ళ ముందర నిలదీయొద్దు, పక్కకి పిలిచి అడుగు. ఇంటింటికి పోయేటప్పుడు ఆడోళ్ళతో ముందు మాట్లాడు, కొళాయి ఎన్నిరోజులకి వస్తుందో, ట్యాంకరు కాడ ఎవరు ఎవరిని నెట్టినారో వాళ్ళకి తెలిసినంత మొగోళ్ళకి తెలీదు.

ఇంగొకటి, ఇది నాకు అన్నిటికంటే పెద్ద మాట. బోరు వేసే రిగ్గు లారీకి అడ్డంగా నిలబడొద్దు. ఎంత కోపమొచ్చినా సరే. బోరు వేయించేవాడు ఆ రాత్రికి మామూలు మనిషి కాదు పాపా, పెండ్లాం మెడలోది కుదువ పెట్టి వచ్చుంటాడు, అడుగు అడుక్కీ లెక్క పెరుగుతుంటుంది, నీళ్ళు పడకపోతే ఎట్లా అని వాడి బుర్రలో వేరే ఏదీ ఉండదు. ఆ టయానికి ఎవరు అడ్డమొచ్చినా వాడి కంటికి మనిషి లెక్క కనపడదు. ఇది నేను ఎవరో చెప్తే విని రాయడం లేదు. ఫిర్యాదు పొద్దున చెయ్, పదిమందిని పిలుచుకుని చెయ్, రాత్రిపూట ఒక్కదానివే చేన్ల మీదికి మాత్రం పోవద్దు. మీ నాయన లేడు, మీ అమ్మకి నువ్వొక్కదానివే, ఇది గుర్తు పెట్టుకో.

ఇంగ అసలు సంగతి. ఇంగ బోర్లు చాలు అనే నీ లెక్క కరెక్టే. మన జిల్లాలో ఏడాదికి వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల, అది కూడా అన్నేండ్లు రాదు. కింద గట్టి రాయి, పడిన దాంట్లో పదో వంతు లోపలికి దిగితే గొప్ప. అంటే 55 మిల్లీమీటర్లు అనుకో. ఒకెకరా వరికి దగ్గర దగ్గర 1200 మిల్లీమీటర్లు కావాల. మడిలో పెట్టిన నీళ్ళు కొంత మళ్ళీ దిగుతాయిలే, అయినా సరే ఒకెకరా మడిలోకి తోడేది ఇరవై ఎకరాల వాన కిందికి దిగినంత. మిగతా పంతొమ్మిది ఎకరాలు ఎవరివి? నీ మడి పక్కనోడివి, వాడి పక్కనోడివి. బోరున్నోడు తన నీళ్ళు తోడుకుంటాండాడని మనం అంటాం గానీ, వాడు తోడేది ఊరి నీళ్ళు. కానీ చట్టం అట్ల అనదు. ఇంగ్లీషోళ్ళు 1882 లో పెట్టిన చట్టం ప్రకారం తన భూమి హద్దుల్లో కింద ఉన్న నీళ్ళు తోడుకునే హక్కు భూమి గలోడిది. 2002 లో వాల్టా చట్టం, అంటే నీళ్ళు, భూమి, చెట్ల చట్టం వచ్చింది, బోరుకి పర్మిషన్ కావాలంది, తాగునీళ్ళ బోరుకి 250 మీటర్ల లోపల ఇంకోటి వెయ్యొద్దంది. అది వచ్చిన మరుసటేడే నేను బోరు వేసినా. పర్మిషన్ అడగాలని కూడా నాకు తోచలేదు.

ఆ బోరు సంగతే చెప్పాల నీకు.

2002 లో వానలు పూర్తిగా ఎగ్గొట్టినాయి. నీకు అప్పుడు ఎనిమిదేండ్లు. చెరువు మరవ పారి అప్పటికే చానా ఏండ్లయింది, శెనక్కాయ ఊడలు దిగేటప్పుడు చుక్క పడలేదు, కట్టె మేత కూడా రాలేదు. అప్పట్లో మన వైపు ఇంకా ఏడెనిమిది దిగుడు బావుల్లో ఊట ఉండింది, బోర్లు తొమ్మిదో పదో. మరుసటేడు ఉగాది రోజు రచ్చకట్ట కాడ పంచాంగం విన్నాంక పెద్దోళ్ళంతా ఒక మాట అనుకున్నారు. వానలు పడి బావులు తేరుకునేదాకా, బావులున్న చేన్ల పక్కన ఎవరూ కొత్త బోరు వెయ్యకూడదు. కాగితం లేదు, సంతకం లేదు. గుడి మెట్టు మీద చెయ్యి పెట్టి ఒక్కొక్కరు సరే అన్నారు. నేనూ పెట్టినా. నువ్వు ఇప్పుడు తేవాలనుకుంటాండే తీర్మానం మన ఊరికి కొత్త కాదు పాపా, ఇరవై ఏండ్ల కింద ఒకసారి వచ్చింది.

నాకు రెండెకరాల్లో 220 చీనీ చెట్లు ఉన్నాయి. ఎనిమిదేండ్లు సాకినా, అప్పుడే కాపు మంచిగా పట్టేది. నా బోరు మార్చికే గాలి కొట్టడం మొదలుపెట్టింది. ట్యాంకర్లు కొని ఒక్కొక్క చెట్టుకి నాలుగు బిందెలు పోయించినా, అప్పు పెరిగింది గానీ ఆకు ముడుచుకుంటానే ఉంది. రోజూ పొద్దున పోయి చెట్టు చెట్టూ చూసేది, కొమ్మ గిల్లి పచ్చగా ఉందా లేదా అని చూసేది, ఇంటికొచ్చి ఎవరితో మాట్లాడేది లేదు. ఏప్రిల్ ఆఖర్లో మీ చిన్నమ్మ గాజులు కుదువ పెట్టి, తిరుచెంగోడు రిగ్గు ఒకటి మన రోడ్డున పోతాంటే మాట్లాడుకున్నా. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని నడిచే ఆయన్ని పిలిపించి పాయింట్ పెట్టించినా. ఆ పాయింట్ యాడ పడిందో తెల్సా, తూర్పు గట్టు కాడ. తూర్పుచేను మామ బావికి పట్టుమని అరవై గజాలు లేదు.

ఆయన మనకి చుట్టం కాదు, కానీ నన్ను చిన్నప్పటి నుంచి అల్లుడా అని పిలిచేవాడు. సాయంత్రం ఎదురుపడి ఏందల్లుడా లారీ వచ్చింది అంటే, పాత బోరు ఫ్లషింగ్ చేయిస్తాండా మామా అని చెప్పినా. రాత్రి పదింటికి మొదలుపెట్టినారు. రిగ్గు సప్పుడు ఊరంతా వినపడుతుంది, ఎవరికీ తెలీకుండా వేసేదేమీ ఉండదు, ఫ్లషింగ్‌కీ కొత్త బోరుకీ సప్పుడులో తేడా పసిపిల్లోళ్ళకి కూడా తెలుసు. అయినా ఊర్లో ఒక్క ఇంట్లో లైటు వెలగలేదు, ఒక్కరూ రాలేదు. నేను ఆ బూడిదలాంటి రాతిపొడిలో నిలబడి, ఎవరన్నా వచ్చి ఆపుతారేమో అని కాసేపు, ఎవరూ రాకూడదని కాసేపు అనుకుంటా ఉండిపోయినా. తెల్లారుజామున 380 అడుగుల కాడ పొడి తడిసి ముద్దగా రావడం మొదలైంది, ఆనక నీళ్ళు లేచినాయి. రెండున్నర ఇంచుల ధార. నేను ఆ బురదలో కూర్చుని ఏడ్చినా పాపా, సంతోషంతో.

పన్నెండు రోజులకి మామ బావిలో ఊట నిల్చిపోయింది. ఆయన నాతో పోట్లాడలేదు. నా మోటారు కాడికి రెండు బిందెలు తీసుకొచ్చి "అల్లుడా, ఎనుములకి తోడుకుంటా" అన్నాడు. నేను తోడుకో మామా అన్నా. అంతే మా ఇద్దరి మధ్య ఆ సంగతి మీద జరిగిన మాట. ఆయన అట్ల నెలరోజులు తోడుకుని, ఎనుముల్ని సంతలో అమ్మేసి, పెద్దకొడుకుతో బెంగుళూరు పోయినాడు. కట్టే బిల్డింగు కాడ వాచ్‌మన్, పొద్దున సాయంత్రం గోడలకి నీళ్ళు కొట్టే పని. బావి కింద రాగి, టమాటా పండించిన మనిషి. మళ్ళీ ఒకసారి ఉగాదికి వచ్చి నన్ను చూసి చీనీ చెట్లు బాగున్నాయా అల్లుడా అని అడిగినాడు, నిజంగానే అడిగినాడు, ఎత్తిపొడుపు కాదు. ఆ తర్వాత రాలేదు.

నువ్వు ఈత నేర్చుకున్నది ఆ బావిలోనే. కిత్తనార బెండు నడుముకి కట్టి మీ నాయన నిన్ను మూడో మెట్టు మీద నుంచి తోసేవాడు, నువ్వు కేకలేస్తే మామ గట్టు మీద కూర్చుని నవ్వేవాడు. ఆ ఎండాకాలం సెలవుల్లో నువ్వు బావి కాడికి పోయి చూసి పరిగెత్తుకుంటా వచ్చి, చిన్నాయనా బావిలో నీళ్ళు యాడికి పోయినాయి అని అడిగినావు. వానల్లేవు కదమ్మా అని చెప్పినా. నువ్వు నమ్మినావు. ఇరవై ఏండ్ల పైన అయింది, నీకు గుర్తుందో లేదో, నాకు మాత్రం తడి లేని నీ జుట్టు, ఎండకి ఎర్రబడిన మొకం అట్లనే కండ్ల ముందర ఉంది. వానల్లేకపోవడం నిజమే. కానీ ఆ బావి ఎండింది వానల్లేక కాదు. నా వల్ల.

ఇంత రాసిందెందుకంటే, ఇది నా ఒక్కడి తప్పుగా ఆగిపోలేదు. నేను మాట తప్పిన తెల్లారి నుంచి ఊర్లో మాటనేదే లేకుండా పోయింది. మరుసటి ఉగాదికి పదకొండు బోర్లు పడినాయి, ఏడు ఫెయిల్. 2004 లో కరెంటు ఫ్రీ అయినాంక మోటార్లకి ఆటో స్టార్టర్లు పెట్టినారు, మనిషి చేన్లో లేకపోయినా కరెంటు వచ్చినప్పుడల్లా తిరగడమే, మడి నిండి దోవలో పారతాండేవి. నా రెండున్నర ఇంచులు మూడేండ్లకి అర ఇంచుకి వచ్చింది, ఆరేండ్లకి చెట్లు నరికి బొగ్గులోళ్ళకి ఇచ్చేసినా. ఇప్పుడు మన ఊర్లో 800 అడుగులు మామూలు మాట. ఆ లోతు నీళ్ళు తాగితే పండ్లు పచ్చబడి, కీళ్ళు పట్టేసి, ఫ్లోరైడు అంటాండారు.

రేపు నువ్వు గ్రామసభలో లేచి బోర్లు వద్దు అంటే, ఫస్టు ఎవరో ఒకరు మీ చిన్నాయన్ని అడుగు అంటారు. అనాల కూడా. నువ్వు తల దించుకోవద్దు, ఎదురు మాట్లాడొద్దు. అవును, మా చిన్నాయనే తప్పినాడు, ఆయనే రాసిచ్చినాడు అని చెప్పు. ఈ లెటర్ చదివి వినిపించినా నాకు అభ్యంతరం లేదు.

అంతకంటే నాకు భయమున్నది ఇంకో చోట. నీ తీర్మానం అట్లనే పాసయిందనుకో. ఇంగ కొత్త బోర్లు లేవు. అప్పుడు నీళ్ళెవరివి? ఆల్రెడీ బోరున్నోడివి, శాశ్వతంగా. కాలనీలో వాళ్ళకి గుట్ట కింద సర్కారు పేదోళ్ళకి ఇచ్చిన డీకేటీ పట్టా భూములున్నాయి, ఒక్కొక్క ఇంటికి ఎకరా, ఎకరాన్నర, పద్నాలుగు ఇండ్లకి కలిపి ఒక్క బోరు వేసినారు, అదీ ఫెయిల్. వాళ్ళు ఇంతవరకు ఈ నీళ్ళలో చుక్క తోడలేదు. మనం నలుగురం, ఐదుగురం ముప్పై ఏండ్లు తోడుకుని, అడుగంటినాంక, ఇంగ హద్దు ఉండాల అంటే వాళ్ళు ఏమంటారో తెల్సా, మీరు తాగేసినాంక మాకు గ్లాసు బోర్లిస్తాండారా అంటారు. నేను వాళ్ళ పక్షమే ఉంటా పాపా, నీ పక్షం ఉండను, ముందే చెప్తాండా. హద్దు పెట్టడం ఒక్కటే చాలదు, ఆ హద్దు లోపల ఉండేది ఎవరెవరికి ఎంతో అదే రోజు, అదే కాగితం మీద రాయాల. అది రాయకుండా పెట్టే హద్దు ఉన్నోడి కంచె అయిపోతుంది.

నువ్వు మీ అమ్మకి మహారాష్ట్రలోని హివరే బజార్ ఊరి వీడియో చూపించినావంట, మంచిదే. పోపట్‌రావ్ పవార్ 1989 లో సర్పంచ్ అయినాంక అక్కడ సేద్యానికి బోర్లు లేవు, చెరకు లేదు, అరటి లేదు, ఏటా వాన కొలిచి పంట లెక్క రాసుకుంటారు. దాంతోపాటు పూణే జిల్లా పురందర్ వైపు పానీ పంచాయత్ సంగతి కూడా చదువు. 1972 కరువు తర్వాత విలాస్‌రావ్ సాలుంఖే మొదలుపెట్టింది. అక్కడ నీళ్ళు భూమిని బట్టి ఇవ్వలేదు, మనుషుల్ని బట్టి ఇచ్చినారు. మనిషికి అరెకరాకి సరిపడా, ఇంటికి రెండున్నర ఎకరాలు దాటకుండా, భూమి లేనోళ్ళకీ వాటా, చెరకు వెయ్యకూడదు. యాభై ఎకరాలున్నోడికీ రెండున్నరకే నీళ్ళు. ఆ రూల్ చదివినరోజు నేను చానాసేపు అట్లనే కూర్చుండిపోయినా.

మన జిల్లాలోనే కొన్ని ఊర్లలో బోరున్నోళ్ళు, లేనోళ్ళు కలిసి పైపులేసుకున్నారు. బోరున్నోడు పక్క చేన్లకి శెనక్కాయ ఊడలు దిగేటప్పుడు ఒకటో రెండో తడులు ఇస్తాడు, లేనోడు ఇంగ బోరు వెయ్యనని ఒప్పుకుంటాడు. ఆ ఒక్క తడి చాలు పాపా, పంట పోయేదీ నిలబడేదీ అక్కడే. పక్కన బోరు పడితే తన బోరు పోతుందని ఉన్నోడికి భయం, కాబట్టి ఇది దానం కాదు, ఇద్దరికీ బేరమే. నువ్వు ఈ దోవన పో. ముందు పైపు, ఆనక నిషేధం.

వరి మాట మాత్రం మెల్లగా ఎత్తు. 1983 లో రెండ్రూపాయల బియ్యం వచ్చేదాకా మన ఇంట్లో వరన్నం పండగ పూటే, మిగతా రోజులు సంగటి, కొర్రన్నం. మా అమ్మ ఒక పిడికెడు బియ్యం వేరే కుండలో దాచి జొరమొచ్చినోళ్ళకి వండేది. అట్ల పెరిగినోడికి తన బోరు కింద అరెకరా వరి ఉండడమంటే అది పంట ఒక్కటే కాదు. నువ్వు వరి వద్దంటే వాడికి మళ్ళీ సంగటికి పోండి అన్నట్టు వినపడుతుంది. అందుకని వద్దు అనకు, లెక్క చూపించు. పక్క మండలంలో 2005 ప్రాంతంలో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తరఫున ఒక ప్రాజెక్టు నడిచింది, రైతులే వాన కొలిచి, బోర్లలో నీళ్ళ మట్టం కొలిచి, రబీకి ముందు ఊరి గోడ మీద నీళ్ళెంత, ఏ పంటకి ఎంత పోతుంది అని రాసేవాళ్ళు. ఫలానాది వెయ్యొద్దని ఎవరికీ చెప్పలేదు, సబ్సిడీ ఇవ్వలేదు. గోడ మీద లెక్క చూసి చానామంది వాళ్ళంతట వాళ్ళే వరి తగ్గించినారు. నేను సైకిల్ మీద పోయి రెండేండ్లు చూసినా, మన ఊరు అందులో లేకపోయింది.

హంద్రీ-నీవా కాలువ ఉంది కదా, ఇంగ హద్దులెందుకు అనేవాళ్ళు వస్తారు. ఆ నీళ్ళు రావాలని నేనూ కోరుకుంటా, సీమకి అది హక్కు. కానీ అది శ్రీశైలం నుంచి మెట్టు మెట్టుకీ మోటార్లతో ఎత్తిపోసే నీళ్ళు, కృష్ణలో వరద ఉంటేనే. అది కూడా లెక్కపెట్టి పంచుకోవాల్సిందే. ఇంగ కొందరు బెంగుళూరోళ్ళు కార్లు కడుక్కుంటారు, మాకు చెప్తావా అంటారు. దానికి నీ కాడ జవాబుంది. 2024 ఎండాకాలం ఆ ఊర్లో సర్కారు బోర్లు 13,900 లో 6,900 ఎండిపోయినాయని వాళ్ళ మంత్రే చెప్పినాడు, నువ్వు అపార్ట్‌మెంట్ కింద క్యాన్లు పట్టుకుని నిలబడినావు, ఆ ఫోటో మీ అమ్మ నాకు పంపింది. వాళ్ళు అడిగింది న్యాయమే అని ముందు ఒప్పుకో, నువ్వు చూసింది ఆనక చెప్పు.

నాకిప్పుడు ఉండేది పడమటి చేను బోరు ఒక్కటే, 520 అడుగులు, ఒకటిన్నర ఇంచు వస్తాండాది. దాన్ని పంపకంలోకి ఫస్టు రాసుకో. కాలనీ భూములు ఆడికి దగ్గరే, పైపు ఖర్చు సగం నేను పెడతా, మీ చిన్నమ్మ కూడా ఒప్పుకుంది. ఆటో స్టార్టరు నిన్ననే పీకించేసినా. తీర్మానం కాగితంలో మొదటి పేరు నాది ఉండాల, ఈసారి సంతకంతో.

2006 నుంచి నేను మూడు బోర్లలో నీళ్ళ మట్టం పదిహేను రోజులకొకసారి రాస్తాండా. ఎవరూ అడగలేదు, ఊరికే రాసుకుంటాండా. నాలుగు లాంగ్ నోటుబుక్కులయినాయి, ట్రంకు పెట్టెలో నీ కోసం తీసి పెట్టినా. మొదటి బుక్కులో మామ బావి కూడా ఉంది, పేజీ అంతా సున్నాలే, అయినా రాసినా. 2021 వానలకి ఆ బావిలో రెండు నెలలు నడుం లోతు నీళ్ళు నిల్చినాయి, ఆ అంకె కూడా ఉంది, చూస్తావుగా.

శివరాత్రికి వస్తావని మీ అమ్మ అనింది. వచ్చేటప్పుడు బోరులోకి దింపే టేపు ఒకటి కొనుక్కురా, నీళ్ళు తగలగానే కుయ్ మని కూసేది, 200 మీటర్లది. నా టేపుకి కొస తెగిపోయింది, తాడుతో కట్టి వాడుతుండా, పది అడుగులు అటూ ఇటూ వస్తాండాది.

మీ చిన్నాయన